ఇంట్లో పరికరాలకు మాటలు కలిసిన కథ

సికింద్రాబాద్‌లో మెట్టుగూడ, తార్నాక వైపు చాలా ఇళ్ళలో నల్లా నీళ్ళొచ్చే వేళకు ఎవరో ఒకరు కాపలా ఉండాలి. సంపు మూత ఎత్తి చూసుకోవాలి, మోటారు వేయాలి, మిద్దె మీద ట్యాంకు పొర్లే చప్పుడు చెవిన పడగానే వెళ్ళి కట్టేయాలి. రైల్వేలో పనిచేసి రిటైరైన మా మామయ్య, మా మేనత్త ఏళ్ళ తరబడి ఈ కాపలా కాశారు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక మిద్దె ఎక్కడం వాళ్ళకు పెద్ద పనైపోయింది. అమెరికాలో ఉంటున్న మా బావ వచ్చిన ప్రతిసారీ సూట్‌కేసులో ఏదో ఒక స్మార్ట్ పరికరం తెచ్చేవాడు. తలుపు తెరిస్తే చెప్పే సెన్సరొకటి, దాని కబురు అందుకునే గేట్‌వే డబ్బా ఒకటి. ఇక్కడ కొన్న వైఫై ప్లగ్గులు, రంగులు మార్చే బల్బులు, ఆన్‌లైన్‌లో తెప్పించిన చిన్న ఉష్ణోగ్రత సెన్సర్లు వాటికి తోడయ్యాయి. ఒక్కోదానికి ఒక్కో యాప్, ఒక్కో పాస్‌వర్డ్.

“ఇన్ని సామాన్లు తెచ్చినవ్ గదరా, ట్యాంకు నిండిందో లేదో చెప్పే వస్తువొక్కటి తేలేవా?” అని ఒకరోజు అత్తయ్య కొడుకును అడిగింది. బావ దగ్గర జవాబు లేదు. ఏ వస్తువుకావస్తువు బాగానే పనిచేస్తోంది. కానీ ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. వైఫై ప్లగ్గు ఒక కంపెనీ సర్వరుతో మాట్లాడుతుంది, బల్బు ఇంకో కంపెనీ డబ్బాతో మాట్లాడుతుంది. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నా రెండింటికీ పరిచయం లేదు.

కొన్ని వందల రూపాయల సెన్సర్లు ఒకరి మాట ఒకరు వినడానికి ఇంత కష్టమెందుకైంది? ఈ చిక్కుకు యాభై ఏళ్ళ వయసుంది. దాన్ని విప్పడానికి చాలామంది చాలా చోట్ల చెమటోడ్చారు.

1970లలో స్కాట్లాండ్‌లోని గ్లెన్‌రోథెస్ అనే చిన్న పట్టణంలో పికో ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ ఉండేది. కాలిక్యులేటర్లకు చిప్పులు తయారుచేయడం వాళ్ళ పని. చేపట్టిన ప్రతి పనికీ ఒక అంకె పెట్టుకునేవారు. తొమ్మిదోది గ్రామఫోన్ రికార్డులను మార్చే యంత్రానికి సంబంధించింది. దాన్ని కుర్చీలోంచి లేవకుండా నడిపించే మార్గం వెతుకుతుండగా, ఇదే పద్ధతిలో ఇంట్లో దీపాలనూ నడపొచ్చు కదా అన్న ఊహ పుట్టింది. 1975లో మొదలైన ఆ పదో పనే ఎక్స్10.

వాళ్ళ ఉపాయం ఇప్పుడు తలచుకున్నా ముచ్చటేస్తుంది. కొత్త తీగలు లాగితే ఖర్చు. గోడల్లో కరెంటు తీగలు ఎలాగూ ఉన్నాయి. ఇంటి కరెంటు ఒక్కో ఆవర్తనంలో రెండుసార్లు సున్నా వోల్టేజీకి దిగి మళ్ళీ పైకి లేస్తుంది. ఆ సున్నా క్షణంలో తీగ మీద అలజడి తక్కువ. సరిగ్గా అప్పుడే 120 కిలోహెర్ట్జ్ చిన్న మీటు ఒకటి వేస్తారు. అది ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఇంటికి 16 అక్షరాలు, పరికరానికి 16 అంకెలు, మొత్తం 256 చిరునామాలు. 1978 నాటికి అమెరికాలో రేడియో షాక్ దుకాణాల్లో ఈ డబ్బాలు అమ్మకానికొచ్చాయి. మంచం దిగకుండా వరండా దీపం ఆర్పడం సామాన్యుడికి అలా అందుబాటులోకొచ్చింది.

అయితే ఆ తీగ మీద ఎక్స్10 ఒక్కటే లేదు. ఫ్రిజ్ మోటారు, టీవీ, మిక్సీ అన్నీ తమ రొద తాము చేస్తుంటాయి. ఆ రొదలో సంకేతం మునిగిపోయేది. అమెరికాలో ఇంటికి వచ్చే రెండు కరెంటు లైన్లలో ఒకదాని మీద పంపింది రెండోదానికి చేరేది కాదు. అన్నిటికన్నా పెద్ద లోటు ఇంకొకటుంది. దీపం వెలగమని చెప్పిన డబ్బాకు, అది వెలిగిందో లేదో తెలిసే దారి లేదు. ఆజ్ఞ వెళ్ళేది, జవాబు వచ్చేది కాదు. సెన్సరు అనే మాటకు అక్కడ చోటే లేకపోయింది.

తీగతో లాభం లేదనుకున్నవాళ్ళు రేడియో తరంగాల వైపు తిరిగారు. 1999లో డెన్మార్క్‌లో పుట్టిన జెన్‌సిస్ అనే కంపెనీ జీ-వేవ్‌ను తయారుచేసింది. ఇంకోపక్క ఎన్నో కంపెనీలు కలిసి 2002లో ఒక కూటమి కట్టి జిగ్‌బీని రూపొందించాయి. 2004 చివరికి దాని మొదటి ప్రమాణం సిద్ధమైంది. తేనె దొరికిన చోటును తేనెటీగ నాట్యం చేసి తోటి ఈగలకు తెలిపే తీరు ఆ పేరు వెనక ఉంది. పేరుకు తగ్గ గుణమే ఒకటి ఇందులో ఉంది. దూరంగా ఉన్న సెన్సరు గేట్‌వేను నేరుగా అందుకోనక్కర్లేదు. మధ్యలో ప్లగ్గుకు తగిలించి ఉన్న జిగ్‌బీ పరికరం ఏదైనా సరే ఆ కబురును అందుకొని ముందుకు పంపుతుంది. సెన్సరు మాట్లాడేది తక్కువ, నిద్రపోయేది ఎక్కువ కాబట్టి బొత్తాం సెల్లు మీద ఏడాదికి పైగా నడుస్తుంది.

మన దేశంలో 2005లో 2.4 గిగాహెర్ట్జ్‌తో పాటు 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. జిగ్‌బీ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద. ప్రపంచంలో ఎక్కడ కొన్నా ఎక్కడైనా పనిచేస్తుంది. జీ-వేవ్ అలా కాదు. అమెరికాలో అది 908 మెగాహెర్ట్జ్ మీద, ఇండియాలో 865 మీద పలుకుతుంది. బావ తెచ్చిన తలుపు సెన్సరు ఇక్కడ కొన్న ఏ జీ-వేవ్ గేట్‌వేకూ ఎందుకు దొరకలేదో ఈ తేడా తెలిశాకగానీ అర్థం కాలేదు. వస్తువులో లోపం లేదు. అది అమెరికా గాలి కోసం చేసింది, మన దగ్గర దానికి అనుమతి లేదు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సూట్‌కేసుల్లో ఇలాంటివి తెచ్చే పిల్లలున్న తెలుగిళ్ళు ఎన్నో. వాళ్ళు తెలుసుకొని తీరాల్సిన సంగతి ఇది.

కథ మలుపు తిరిగింది మాత్రం ఇళ్ళకు బహుదూరంగా, చమురు పైపులైన్ల దగ్గర. 1999లో ఐబీఎంలో పనిచేసే ఇంగ్లండు ఇంజనీరు ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్కామ్ కంపెనీలో ఉన్న ఆర్లెన్ నిప్పర్ ముందుకు ఒక సమస్య వచ్చింది. ఊరూ పేరూ లేని మైదానాల్లో పైపులైన్ పొడవునా సెన్సర్లున్నాయి. వాటి కబురు ఉపగ్రహం ద్వారా రావాలి. ఉపగ్రహం మీద పంపే ప్రతి అక్షరానికీ డబ్బు. లైను ఎప్పుడు తెగుతుందో తెలియదు. ఒక్కో సెన్సరునూ పిలిచి “ఏమైనా ఉందా?” అని అడగడం అప్పటి రివాజు. ఏమీ లేదన్న జవాబుకు కూడా డబ్బు కట్టాల్సి వచ్చేది.

వాళ్ళు ఆ రివాజును తిరగేశారు. సికింద్రాబాద్ స్టేషన్‌లో మైకు మోగితే ఎవరి రైలు కోసం వాళ్ళు చెవి పెట్టినట్టే ఇదీ. సెన్సరు తన కబురును ఒక శీర్షిక కింద మధ్యవర్తి ప్రోగ్రాముకు చెప్పి ఊరుకుంటుంది, ఆ శీర్షిక కావాలన్నవాళ్ళకు మాత్రమే మధ్యవర్తి దాన్ని అందిస్తాడు. చెప్పేవాడికి వినేవాడెవరో తెలియనక్కర్లేదు. వినేవాడికి చెప్పేవాడు ఏ కంపెనీవాడో పట్టదు. కబురు మీద వేసే ముద్ర రెండు బైట్లతో సరిపోతుంది. ఇంకో మంచి ఏర్పాటూ చేశారు. పరికరం కలిసేటప్పుడే తన వీలునామా రాసిస్తుంది. ఉన్నట్టుండి అది మాయమైతే మధ్యవర్తి ఆ వీలునామాను అందరికీ చదివి వినిపిస్తాడు. ఈ పద్ధతి పేరు ఎమ్‌క్యూటీటీ.

పదేళ్ళకు పైగా అది పరిశ్రమల్లోనే ఉండిపోయింది. స్టాన్‌ఫర్డ్-క్లార్క్ మాత్రం ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని తన పాత గడ్డికప్పు ఇంటికి దాన్ని తగిలించి, ఆ రోజు కరెంటు ఎంత కాలిందో ఇల్లే ట్విట్టర్‌లో చెప్పుకునేలా చేశాడు. 2010లో ఐబీఎం ఈ పద్ధతిని రుసుము లేకుండా వాడుకోనిచ్చింది. రోజర్ లైట్ అనే ఇంకో ఇంగ్లండు వ్యక్తి మస్కిటో అనే ఉచిత మధ్యవర్తి ప్రోగ్రామును రాసి ఊరందరికీ పంచిపెట్టాడు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే. ఇంటి కోసం తపించినవాళ్ళకు పాతికేళ్ళు దొరకని తాళంచెవి, ఇంటి ఊసే లేని పైపులైన్ దగ్గర దొరికింది. దాన్ని ఎవరూ పెట్టెలో పెట్టి తాళం వేసుకోలేదు.

వ్యాపారం మాత్రం వేరే దారి పట్టింది. 2011 చలికాలంలో అమెరికాలో అలెక్స్ హాకిన్సన్ అనే ఆయనకు కొలరాడో కొండల్లో ఉన్న ఇంట్లో కరెంటు పోయి, నీటి పైపులు గడ్డకట్టి పగిలిపోయాయి. ఇల్లంతా పాడైపోయేదాకా ఆయనకు కబురే లేదు. ఇంట్లో ఒక్క చిన్న సెన్సరు ఉండి ఫోన్‌కు చెప్పి ఉంటే చాలు కదా అన్న బాధలోంచి స్మార్ట్‌థింగ్స్ పుట్టింది. 2012లో కిక్‌స్టార్టర్‌లో రెండున్నర లక్షల డాలర్లు కావాలని జనాన్ని అడిగితే 12 లక్షలు దాటి వచ్చాయి. రెండేళ్ళకు శామ్‌సంగ్ ఆ కంపెనీని కొనేసింది. ఇలాంటి గేట్‌వేలు వరసగా వచ్చాయి. చాలావరకు తమ కంపెనీ సర్వరు మీద ఆధారపడ్డవే. రివాల్వ్ అనే గేట్‌వేను కొన్నవాళ్ళకు ఆ ఆధారం ఎంత బలహీనమైందో తెలిసొచ్చింది. 300 డాలర్లు పోసి కొన్న ఆ డబ్బాను, కంపెనీ చేతులు మారాక 2016 మే 15న సర్వరు ఆపేసి నిలిపివేశారు. డబ్బాకు ఏ జబ్బూ లేదు. అయినా ఆ రోజు నుంచి అది పనికిరాలేదు.

సరసమైన ధర విషయంలో అదృష్టం షాంఘై నుంచి వచ్చింది. సింగపూర్‌కు చెందిన టియో స్వీ ఆన్ 2008లో అక్కడ స్థాపించిన ఎస్ప్రెసిఫ్ కంపెనీ ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్పును చేసింది. 2014 ఆగస్టులో ఆ చిప్పుతో చేసిన గోరంత మాడ్యూలు ఒకటి అయిదు డాలర్ల ధరకు ఆన్‌లైన్‌లో కనబడింది. ఎనిమిది కాళ్ళు, పక్కన ఒక చిన్న యాంటెన్నా గీత, అంతే. వేరే బోర్డులకు వైఫై కల్పించాలంటే అప్పట్లో దానికి ఎన్నో రెట్లు ఖర్చయ్యేది. కాగితాలన్నీ చైనా భాషలోనే ఉన్నాయి. ప్రపంచం నలుమూలలా ఉన్న అభిరుచిపరులు పట్టుదలగా వాటిని అనువదించుకున్నారు, ఒక్కో ఆదేశాన్ని ప్రయోగించి చూసుకున్నారు. ఇంకో బోర్డుకు తోకగా ఉండాల్సిన ఆ చిప్పులో సొంతంగా ప్రోగ్రాము నడిపే సత్తా ఉందని వాళ్ళు పసిగట్టారు. కంపెనీ కూడా తలుపులు మూయకుండా కొన్ని నెలల్లోనే కావలసిన సాధనాలు విడుదల చేసింది. 2015లో ఇవాన్ గ్రోఖొత్కోవ్ దాన్ని తేలిగ్గా ప్రోగ్రాములు రాసుకునే ఆర్డ్యూనోతో కలిపేసరికి ఇంజనీరింగ్ మొదటి ఏడాది పిల్లలు కూడా దానితో ప్రయోగాలు మొదలుపెట్టారు. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాల గాజు అరల్లో రెసిస్టర్లు, కెపాసిటర్ల పక్కన ఈ బోర్డులు చోటు చేసుకున్నాయి.

సెన్సరు చౌకైంది గానీ దాని సెల్లు సంగతి మిగిలింది. దీని మీద పనిచేసిన వాళ్ళలో మన తెలుగు ఇంటిపేరు ఒకటుంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో శ్యామ్ గొల్లకోట, ఆయన సహచరులు 2013లో సెల్లే లేని పరికరాలను మాట్లాడించి చూపించారు. గాలిలో ఎప్పుడూ ఉండే టీవీ తరంగాలను ఆ పరికరం తిప్పికొడుతుంది, ఆ తిప్పికొట్టే తీరులోనే కబురుంటుంది. 2016లో అదే బృందం బ్లూటూత్ తరంగాన్ని గాలిలోనే వైఫై కబురుగా మార్చింది. ఇవి ఇంకా మన ఇంటి గోడల దాకా రాలేదు. వచ్చిన రోజున సెల్లు మార్చే పని తప్పుతుంది.

ఇక అందరినీ ఒక కప్పు కిందికి తెచ్చినవాడి సంగతి. 2012 చివర్లో ఫిలిప్స్ కంపెనీ హ్యూ అనే రంగుల బల్బులను జిగ్‌బీతో తెచ్చింది. కాలిఫోర్నియాలో ఉంటున్న నెదర్లాండ్స్ యువకుడు పౌలస్ స్కౌట్‌సెన్ వాటిని కొన్నాడు. సూర్యుడు అస్తమించాక, ఇంట్లో మనిషి ఉంటేనే దీపాలు వెలగాలి అన్నది అతని కోరిక. మనిషి ఉన్నదీ లేనిదీ అతని ఫోన్ వైఫైకి కలిసి ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది. పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రాము రాసుకొని 2013 సెప్టెంబరులో దాన్ని అందరికీ అందుబాటులో పెట్టాడు. దాని పేరు హోమ్ అసిస్టెంట్. తర్వాత జరిగింది ఒక్కడి పని కాదు. ఎవరింట్లో ఏ కంపెనీ పరికరముంటే వాళ్ళు దానికి తగ్గ ముక్క రాసి కలిపారు. కొన్నేళ్ళలో వెయ్యికి పైగా కంపెనీల పరికరాలు, సేవలు ఆ ఒక్క ప్రోగ్రాములో చేరాయి. అది నడవడానికి పాత లాప్‌టాప్ అయినా చాలు, అరచేయంత రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరు అయినా చాలు. సర్వరు ఎక్కడో లేదు, ఇంట్లోనే ఉంది.

ఒక్క ముడి మిగిలింది. షావోమీ, ఆకారా పేర్లతో వచ్చే తలుపు, కదలిక, ఉష్ణోగ్రత సెన్సర్లు అప్పట్లో జిగ్‌బీ వాటిలో బాగా చౌక. కానీ మామూలుగా వాటి కంపెనీ గేట్‌వే లేనిదే పెదవి విప్పేవి కావు. నెదర్లాండ్స్‌కే చెందిన కోయెన్ కాంటెర్స్ 2018లో దీనికో దారి చూపాడు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ సీసీ2531 అనే యూఎస్‌బీ పుల్లలోకి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించి, దాన్నే గేట్‌వేగా నిలబెట్టాడు. సెన్సర్లు చెప్పిందంతా ఎమ్‌క్యూటీటీలోకి మార్చి పంపే జిగ్‌బీ2ఎమ్‌క్యూటీటీ అనే ప్రోగ్రామును ఉచితంగా ఇచ్చాడు. చమురు పైపు కోసం పుట్టిన పద్ధతి, తేనెటీగ పేరున్న రేడియో, అదే ఎమ్‌క్యూటీటీలో మాట్లాడగల షాంఘై చిప్పు అన్నీ ఒక చోట కలుసుకున్నది ఇక్కడే. ఒక్కో కొత్త సెన్సరు ఎలా పలుకుతుందో కొన్నవాళ్ళే కనిపెట్టి రాసిపంపారు. ఇప్పుడా జాబితాలో వేల పరికరాలున్నాయి.

మెట్టుగూడలో మామయ్య వాళ్ళ ఇంటికి ఈ ఫలం అందింది పై పోర్షన్‌లో అద్దెకున్న ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి పుణ్యమా అని. “ఆంటీ, ట్యాంకు పని నేను చూస్తాను” అని అతనే ముందుకొచ్చాడు. మామయ్యకు మాత్రం ఒక అనుమానం ఉంది. ఊళ్ళో పొలం దగ్గర ఆటో స్టార్టర్లు చూసినవాడాయన. కరెంటు రాగానే మోటారు దానంతటదే మొదలయ్యేది. కరెంటు వచ్చిందని ఆ పెట్టెకు తెలుసు, బావిలో నీళ్ళున్నాయో లేదో తెలియదు. నీళ్ళు అడుగంటి మోటార్లు కాలిపోయేవి, భూగర్భజలం తోడుకుపోయేది. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చేముందు తెలంగాణ ప్రభుత్వం ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరింది అందుకే. “నీళ్ళు చూడకుండ మోటరేసే మిషిను నాకొద్దు” అన్నాడు మామయ్య. ఆ మాటతోనే ఇంటికి కావలసింది తేలిపోయింది. సంపులో ఒకటి, ట్యాంకులో ఒకటి, రెండు చోట్లా నీటిమట్టం చూసే కన్ను కావాలి.

గుజరాతీ గల్లీ నుంచి ఈఎస్‌పీ8266 బోర్డులు, తడి తగిలినా పాడవని అల్ట్రాసోనిక్ సెన్సర్లు తెచ్చాడు కుర్రాడు. ట్యాంకు మూతకు రంధ్రం చేసి, కిందికి చూసేలా సెన్సరు బిగించాడు. అది చెవికి వినబడని శబ్దం చేస్తుంది. నీటికి తగిలి ప్రతిధ్వని వచ్చేదాకా కాలం లెక్కిస్తుంది. 20 డిగ్రీల దగ్గర శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది. నీళ్ళు మీటరు లోతున ఉంటే ప్రతిధ్వని రావడానికి సెకనులో వెయ్యో వంతులు ఆరింటికి కాస్త తక్కువ పడుతుంది.

పుస్తకంలో ఇంతే. మిద్దె మీద వేరు. ఆర్‌సీసీ స్లాబు దాటి కింది హాల్లోని వైఫై పైకి రాలేదు. బోర్డును మెట్ల గదిలోకి దించి సెన్సరును తీగతో ట్యాంకు దాకా లాగాల్సి వచ్చింది. తెల్లవారుజామున మూత లోపలి వైపు ఆవిరి చెమ్మగిల్లి సెన్సరు ముఖం మీద బొట్లు కట్టేది. ఆ బొట్లకే శబ్దం తగిలి తిరిగొచ్చేది, ఖాళీ ట్యాంకు నిండుగా కనబడేది. కొలతను వరసగా ఏడుసార్లు తీసి, చిన్నాపెద్దా క్రమంలో పేర్చి, నడిమి విలువను మాత్రమే నమ్మేలా ప్రోగ్రాము మార్చాక ఆ అబద్ధాలు తగ్గిపోయాయి. పావు మీటరు కన్నా దగ్గరగా ఉన్నదాన్ని ఈ సెన్సరు చూడలేదు. అందుకని పైన అంత ఖాళీ ఉండగానే ట్యాంకు నిండినట్టు లెక్కకట్టాడు. మేనెల ఎండలో శబ్దం వేగం పెరిగి మీటరుకు మూడు సెంటీమీటర్ల పైన తేడా వచ్చింది. షావోమీ ఉష్ణోగ్రత సెన్సరు ఒకటి ట్యాంకు పక్క నీడలో పెట్టి, దాని కొలతతో దీన్ని సరిదిద్దాడు. జిగ్‌బీలో పలికేది ఒకటి, వైఫైలో పలికేది ఇంకోటి. ఒకదాని తప్పు ఇంకోటి దిద్దడం చూసినప్పుడు నాకు స్కాట్లాండ్ వాళ్ళ 1975 నాటి కల గుర్తొచ్చింది.

కరెంటు పోయినప్పుడు ఇంకో చిక్కు. మధ్యలో కబురు మోసే జిగ్‌బీ ప్లగ్గు ఆరిపోగానే ట్యాంకు పక్కనున్న ఉష్ణోగ్రత సెన్సరు ఒంటరైపోయేది. ఆ ప్లగ్గునూ, గేట్‌వేనూ, రౌటరునూ ఇన్వర్టరు లైనుకు మార్చాక ఆ బెడద తీరింది. మోటారును మాత్రం చిన్న రిలేకు నేరుగా కలపలేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మోటారు కరెంటును తట్టుకునే కాంటాక్టరు పెట్టించారు, పక్కనే చేత్తో వేసుకునే పాత స్విచ్ అలాగే ఉంచారు. సంపులో చాలినన్ని నీళ్ళుండి, పైన తగ్గితేనే మోటారు నడుస్తుంది. సంపు సెన్సరు నుంచి కబురు రాకపోతే నడవదు. నల్లా వచ్చి సంపు మట్టం పెరగడం మొదలవగానే వంటింట్లో బల్బు నీలం రంగుకు మారుతుంది. అత్తయ్య ఫోన్ చూడదు, బల్బు చూస్తుంది. “యాప్‌లు తీసేసినవ్, మంచి పని చేసినవ్ బిడ్డా” అని ఆ కుర్రాడిని మెచ్చుకుంది.

ఇదంతా అభిరుచిపరుల ప్రపంచం. పెద్ద కంపెనీలు కళ్ళు తెరవడానికి 2019 డిసెంబరు దాకా పట్టింది. పోటీదారులైన అమెజాన్, ఆపిల్, గూగుల్, జిగ్‌బీ కూటమితో కలిసి ఒకే ప్రమాణం రాస్తామని అప్పుడు ప్రకటించాయి. 2021లో దానికి మ్యాటర్ అని పేరు పెట్టారు, 2022 అక్టోబరులో మొదటి రూపం వెలువడింది. మ్యాటర్ గుర్తున్న పరికరం వైఫై మీదో థ్రెడ్ అనే రేడియో మీదో నడుస్తూ, మ్యాటర్ తెలిసిన ఏ కంపెనీ గేట్‌వేకైనా, ఒకేసారి ఒకటికి మించి గేట్‌వేలకైనా జవాబిస్తుంది. ఇంట్లోపలి ఆజ్ఞలకు బయటి సర్వరుతో పని లేదు. పాత జిగ్‌బీ పరికరాలను వంతెన ద్వారా ఇందులోకి తేవచ్చు. అన్ని రకాల పరికరాలూ ఇందులోకి ఇంకా రాలేదు, ధరలూ ఇంకా దిగాలి. అయినా ఇది సరైన దారి అని నా నమ్మకం.

మన నగరంలోనే, రకరకాల సెన్సర్లను కలిపే ఈ పని పెద్ద ఎత్తున జరుగుతున్న చోటొకటుంది. మెట్టుగూడలో ఎక్కిన మెట్రో బ్లూ లైను రాయదుర్గంలో ఆగిపోతుంది. అక్కడి నుంచి కాస్త ముందుకు పోతే గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ. అక్కడి స్మార్ట్ సిటీ లివింగ్ ల్యాబ్‌లో గాలి, నీరు, కరెంటు, వీధి దీపాలు చూసే సెన్సర్లు ప్రాంగణమంతా అమర్చారు. రకరకాల సెన్సర్లు, రకరకాల రేడియోలు. వాటన్నిటి కబుర్లూ వన్‌ఎమ్2ఎమ్ అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఒక చోటికి చేరతాయి. అక్కడి పరిశోధకులు చేసిన ఒక పని నాకు చాలా నచ్చింది. పాత నీటి మీటరును పీకేయకుండా, దాని ముఖానికి చిన్న కెమెరా బిగించి, తిరిగే అంకెలను కంప్యూటరుతో చదివించారు. నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచిత నీటి పథకం 2020 డిసెంబరు నుంచి అమలైన హైదరాబాద్‌లో, మీటరు ఎంత తిరిగిందో ఎప్పటికప్పుడు తెలియడం ప్రతి ఇంటికీ అవసరమే.

ఇంటికి ఇలాంటివి కొనాలనుకునేవారికి ఒక మాట. ఒకే కంపెనీవే కొనాలన్న నియమం పెట్టుకోనక్కర్లేదు, ఖరీదైనవీ అక్కర్లేదు. దుకాణంలో ఒక్క ప్రశ్న అడగండి: ఇంటర్నెట్ పోయినా, కంపెనీ మూతపడినా ఇది మా ఇంట్లో పనిచేస్తుందా? పనిచేస్తుందంటేనే డబ్బు తీయండి. అమెరికా నుంచి తెప్పించేటప్పుడు జీ-వేవ్ వద్దని, జిగ్‌బీ, మ్యాటర్, వైఫైలలో సెల్లు మీదో 230 వోల్టుల మీదో నడిచేది మాత్రమే తెమ్మని పిల్లలకు చెప్పండి. ఏది పెట్టినా చేత్తో వేసే స్విచ్‌ను మాత్రం తీసేయకండి. ఇంజనీరింగ్ చదివే పిల్లలు మీ ఇంట్లోనో పక్క పోర్షన్‌లోనో ఉంటే మీ ట్యాంకును వాళ్ళ ప్రాజెక్టుకు అప్పగించండి. వాళ్ళు కనిపెట్టింది తెలుగులో రాసి నలుగురికీ పంచమని కూడా అడగండి.